అగ్గిపుల్ల గీసినవాడి లెక్క, పక్క చేనివాడి లెక్క

2022 ఏప్రిల్‌లో మా పెదనాన్న మొక్కజొన్న చొప్పకు నిప్పు పెట్టిన సాయంత్రం నేనూ గట్టు మీదే ఉన్నాను. గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్లే వైపు మా ఊరు. మూడెకరాల చెక్క. కండెలు విరిచి పది రోజులైంది, చొప్ప చేత్తో నలిపితే పొడైపోతోంది. మధ్యాహ్నం నుంచీ పడమటి గాలి కొడుతోంది. చేనికి తూర్పున కాలవ ఉంది. నీళ్లు లేకపోయినా వెడల్పైన కాలవ, కాబట్టి పడమటి గట్టు మీద అంటిస్తే గాలే మంటను తూర్పుకు తోసుకుపోయి కాలవ దగ్గర ఆపేస్తుందని పెదనాన్న అంచనా. ఆ అంచనాలో తప్పేమీ లేదు. నాలుగున్నర దాకా అచ్చం అలాగే జరిగింది కూడా.

ఆ తర్వాత గాలి తిరిగింది. గుంటూరులో, బెజవాడలో వేసవి గడిపిన ప్రతివాళ్లకీ ఆ గాలి తెలుసు. పగలంతా పడమటి నుంచి వడగాలి, సాయంత్రమయ్యేసరికి సముద్రం వైపు నుంచి చల్లగాలి. మిద్దె మీద పడకలు వేసుకుని దాని కోసమే ఎదురు చూస్తాం. ఆ రోజు అది ఆగ్నేయం నుంచి వచ్చింది. అప్పటిదాకా ఉత్తరం గట్టు వెంబడి మోకాలెత్తున, అడుగు అడుగుగా పాకుతున్న మంట అంచు కళ్ల ముందే మనిషెత్తు లేచి గట్టు మీదకు వచ్చేసింది. గట్టు మీద ఒక తాడిచెట్టు. ఏళ్ల తరబడి ఎవరూ కొట్టని ఎండు మట్టలు దాని చుట్టూ లంగాలా వేలాడుతున్నాయి. మంట వాటిని అందుకుని మొవ్వు దాకా ఎక్కడానికి నిమిషం పట్టిందేమో. అక్కడి నుంచి మండుతున్న ఆకు ముక్కలు గాల్లోకి లేచాయి. గట్టు అవతల పక్క చేనివాళ్ల మిరప కళ్లం ఉంది.

కళ్లంలో కాయ ఆరబోసి ఉంది, ఒక పక్క టిక్కీలు, అంటే మిరప బస్తాలు, నింపి పట్టా కప్పి ఉంచారు. పట్టాకి చిల్లు పడింది, కాయ అంటుకుంది. ఎండు మిరపకాయ కాలితే వచ్చే ఘాటు మీలో ఎంతమందికి తెలుసో గానీ, పోపులో మాడిన వాసనకీ దానికీ సంబంధం లేదు. ఊపిరి తీసుకోలేం, కళ్లు తెరవలేం. నీళ్ల బిందెలు పట్టుకుని పరిగెత్తుకొచ్చినవాళ్లు ఇరవై అడుగుల దూరంలో దగ్గుతూ కూలబడిపోయారు. మందు కొట్టే పవర్ స్ప్రేయర్ ట్యాంకులో నీళ్లు పోసుకుని, తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని, గాలి వచ్చే వైపు నుంచి వెళ్లి ఇద్దరు కుర్రాళ్లు ఆర్పారు. పదకొండు టిక్కీలు, రెండు పట్టాలు, మోటారు దగ్గర పీవీసీ పైపు. మనుషులకు ఏమీ కాలేదు.

కళ్లం యజమాని మాకు దూరపు చుట్టం. అరవలేదు. తడిసిన కాయ వైపు చూస్తూ, "నీ నిప్పు నీ చేలోనే ఉంటదనుకున్నావా బాబాయ్?" అని మాత్రం అడిగాడు. పెదనాన్న దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

నా ఉద్యోగం వల్ల కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. విజయవాడలో ఉంటూ పద్నాలుగేళ్లుగా అగ్నిప్రమాదాల్లో నష్టం అంచనా వేసే సర్వేయర్ పని చేస్తున్నాను. పత్తి గోడౌన్లు, కోల్డ్ స్టోరేజీలు, స్పిన్నింగ్ మిల్లులు చూసీ చూసీ నాకు ఒక అలవాటు వచ్చింది. ఎవరైనా "ఇన్నేళ్ల నుంచి చేస్తున్నాం, ఎప్పుడూ ఏమీ కాలేదు" అంటే, ఏమీ కాకుండా తప్పిపోయిన రోజులు ఎన్ని అని అడుగుతాను. గాలి ఒక గంట ముందు తిరిగిన రోజు, రవ్వ ఖాళీ నేల మీద పడిన రోజు, పక్కవాడు ముందురోజే కళ్లం ఎత్తేసిన రోజు. వీటిని ఎవరూ రాసి పెట్టరు. పెదనాన్న కూడా అదే మాట అన్నాడు: "ముప్పై ఏళ్ల నుంచి అంటిస్తన్నా, ఎప్పుడన్నా ఏమన్నా అయిందంట్రా?" ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ముప్పై ఏళ్లూ ఆ తాడిచెట్టు అక్కడే ఉందన్నదీ నిజమే.

ఆ తర్వాత కొన్ని నెలలు, పంట చేలల్లోనూ అడవుల్లోనూ కావాలని నిప్పు పెట్టడం గురించి దొరికినదల్లా చదివాను. అమెరికా, ఆస్ట్రేలియా దేశాల్లో దీన్నొక విద్యగా నేర్పుతారు, ప్రిస్క్రైబ్డ్ బర్నింగ్ అంటారు. డాక్టరు చీటీలాగే ముందే కాగితం మీద రాసుకుంటారు: గాలి ఇంత వేగం నుంచి ఇంత వేగం లోపు, గాలిలో తేమ ఇంతకు తగ్గకూడదు, ఆకు ఇంత ఎండి ఉండాలి, మనుషులు ఇంతమంది, నీళ్లు ఇన్ని, పొగ ఏ ఊరి మీదకు పోతుంది. ముందు ఒక మూల చిన్న మంట పెట్టి చూస్తారు, అది అనుకున్నట్టు ప్రవర్తిస్తేనే ముందుకు వెళతారు. గాలికి ఎదురుగా అంటించి నెమ్మదిగా నడిపిస్తారు, ఒక అంచు కాల్చి నల్లటి పట్టీ తయారైన తర్వాతే మిగతాది ముట్టుకుంటారు. చీటీలో రాసిన హద్దుల్లో ఒక్కటి దాటినా ఆ రోజుకి పని లేదు.

ఎందుకంత కష్టపడి మరీ కాల్చడం? కాల్చకపోతే వచ్చే ప్రమాదం ఇంకా పెద్దది కాబట్టి. 1935లో అమెరికా అటవీ సర్వీసు ఒక నియమం పెట్టింది: ఎక్కడ మంట కనిపించినా మర్నాడు ఉదయం 10 గంటలకల్లా ఆర్పేయాలి. దశాబ్దాలపాటు అలాగే ఆర్పారు. చిన్న మంటల్లో కాలిపోవాల్సిన ఆకు, కంప, పొదలు పేరుకుపోయి, చివరికి అంటుకున్న రోజు ఎవరూ ఆర్పలేని మంటలయ్యాయి. మన పక్కనే కర్ణాటకలో బిళిగిరి రంగన బెట్ట అడవిలో సోలిగలు అనే గిరిజనులు ఎండాకాలం ముదరకముందే నేల మీది ఆకు అలము తేలిగ్గా కాల్చేవాళ్లు, 'తరగు బెంకి' అంటారు దాన్ని. 1974లో అభయారణ్యం చేశాక ఆ నిప్పు ఆగిపోయింది. తర్వాతి కాలంలో ఆ అడవిని లాంటానా కంప కమ్మేసింది. తేలిక మంటలు ఆపడమే దానికి కారణమని సోలిగలు ఇప్పటికీ చెబుతారు. ఆ మాటని తేలిగ్గా తీసుకోకూడదు.

కాబట్టి నేను నిప్పుకి వ్యతిరేకిని కాను. అడవి విషయంలో అయితే, మన నల్లమలలో గానీ కొండపల్లి, కొండవీడు కొండల మీద గానీ, వేసవి ముదరకముందే ఫైర్ లైన్లు శుభ్రం చేసి, ఆ పట్టీల్లో ఆకు కాల్చి, మంట దాటకుండా ఖాళీ దారులు ఉంచుకోవడం తప్పనిసరి అంటాను. ఆలస్యమైతే ఆ పనే ప్రమాదమవుతుంది. కొండ మీద అయితే మరీ: వాలు పది డిగ్రీలు పెరిగితే పైకి ఎక్కే మంట వేగం దాదాపు రెట్టింపు అవుతుందని అగ్నిమాపక శిక్షణలో నేర్పే లెక్క. జనవరిలో మోకాలెత్తు మంటతో అయ్యే పని మార్చి నెలాఖరులో చెట్ల మీదికెక్కే మంట అవుతుంది. తునికాకు చిగురు కోసమో, ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద శుభ్రం చేయడానికో పెట్టే నిప్పు కూడా సరిగ్గా ఆ ఎండల్లోనే పడుతుంది. ఆ మనుషుల్ని కేసులతో భయపెట్టడం కంటే జనవరిలోనే వాళ్లకు కూలి ఇచ్చి, అటవీ సిబ్బంది పక్కన ఉండి, చెట్ల మొదళ్ల చుట్టూ ఆ పని చేయించడం మేలు. నేల, గాలి వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

ఇంత విద్య ఉన్నచోట కూడా నిప్పు తప్పించుకుపోతుంది. ఆ సంగతే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అమెరికా అటవీ సర్వీసు ఏడాదికి సుమారు 4,500 చోట్ల ఇలా కాలుస్తుందట, 99.84 శాతం అనుకున్నట్టే జరుగుతాయట. వినడానికి గొప్పగా ఉంది. నా వృత్తి అలవాటు కొద్దీ మిగిలిన 0.16 శాతాన్ని గుణించాను: ఏడాదికి ఏడు. ఆ ఏడింటిలో ఒకటి ఏం చేయగలదో మా పెదనాన్న చొప్ప కాల్చిన ఆ ఏప్రిల్‌లోనే న్యూ మెక్సికోలో కనిపించింది. 6వ తేదీన అటవీ సర్వీసు ప్లాన్ ప్రకారం పెట్టిన నిప్పు గాలికి హద్దు దాటింది. అంతకుముందు జనవరిలో కాల్చిన కట్టెల కుప్పలు మంచు కింద మూడు నెలలు రాజుకుంటూ ఉండి, ఏప్రిల్‌లో మళ్లీ పైకి లేచాయి. రెండూ కలిసిపోయి 3 లక్షల 41 వేల ఎకరాలు తగలబెట్టాయి. అమరావతి కోసం మన రైతులు మొదటి విడత పూలింగ్‌కి ఇచ్చిన భూమికి పదింతలు.

ఆ తర్వాత వాళ్లు విచారణ చేసి, దాచకుండా రాసుకున్నారు. నిప్పు పెట్టిన సిబ్బంది కాగితం మీది హద్దుల్లోనే ఉన్నామనుకున్నారు. అడవి మాత్రం వాళ్లు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ ఎండి ఉంది, పైగా ఇప్పటికే ఆలస్యమైంది, పని పూర్తి చేయాలన్న ఒత్తిడి ఉంది. ఈ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. మా పెదనాన్నకీ అదే ఒత్తిడి. ట్రాక్టరు మాట్లాడుకున్నాడు, మర్నాడు దుక్కి. ఆ రోజు కాల్చకపోతే ట్రాక్టరు ఇంకొకరి చేలోకి పోతుంది. ప్రమాదాన్ని కొలిచే మనిషికి ఏ తొందరా ఉండకూడదు. మన దగ్గర కొలిచేదీ, తొందరపడేదీ, అంటించేదీ ఒకే మనిషి.

ఇంకో పోలిక కూడా. కళ్లం ఆర్పిన రెండో రోజు అందరం ఊపిరి పీల్చుకున్నాం. మూడో రోజు మధ్యాహ్నం తాడిచెట్టు మొదట్లోంచి సన్నగా పొగ. వెళ్లి చూస్తే లోపల పీచు ఎర్రగా నిగనిగలాడుతోంది, చెయ్యి పెడితే కాలేంత వేడి. పైకి చూస్తే నల్లటి బోదె, అంతే. నాలుగు డ్రమ్ముల నీళ్లు పోసి, మొదలు చుట్టూ తవ్వి, మళ్లీ పోశాం. 2012లో కొలరాడోలో మార్చి 22న ప్లాన్ ప్రకారం కాల్చి, అయిపోయిందనుకున్న నిప్పు 26న పెద్దగాలికి లేచి ముగ్గురి ప్రాణం తీసింది. మనం నిప్పు పెట్టిన గంట గురించే మాట్లాడుకుంటాం. నేను చూసిన క్లెయిముల్లో సగానికి సగం, మంట ఆరిందని అందరూ ఇంటికి వెళ్లిన తర్వాతవి.

ఇప్పుడు మన చేల సంగతి. కృష్ణా డెల్టాలో కాల్చడం అనాదిగా ఉన్న ఆచారం అన్నట్టు కొందరు మాట్లాడతారు, అది సరికాదు. తెనాలి, బాపట్ల వైపు మాగాణుల్లో వరి కోతకి రెండు మూడు రోజుల ముందే తడి నేల మీద మినుములు చల్లేవాళ్లు. వరి కోసి, పనలు ఎత్తేసరికి కొయ్యకాళ్ల మధ్య మినుము మొలిచి ఉండేది. గడ్డి వామికి, పశువులకి. ఇంక కాల్చడానికి ఏముంది? తర్వాత పల్లాకు తెగులు, బంగారు తీగ అనే కలుపు మినుముని దెబ్బతీశాయి, దుక్కి దున్నకుండా వేసే మొక్కజొన్న వచ్చింది, కోత మిషన్లు వచ్చాయి, ఇళ్లలో పశువులు తగ్గాయి. మిషను వదిలిన గడ్డి చేలో పరుచుకుని ఉంటుంది, దాన్ని కట్టలు కట్టే బేలరు దొరికేదాకా ఆగితే అదను పోతుంది. కౌలు రైతుకి ఆ పది రోజులే లాభనష్టాల తేడా. నిప్పు పెట్టే రైతుని పట్నంలో కూర్చుని దుర్మార్గుడిలా చూపించేవాళ్లంటే నాకు కోపం. అగ్గిపెట్టె రెండు రూపాయలు, గడ్డిని మట్టిలో కలపడానికి రోటావేటర్ రెండు సాళ్లు తిప్పించాలంటే డీజిలుతో సహా కౌలుదారు జేబులోంచే పోవాలి.

అయినా సరే, చేలో ఉన్నదంతా పరుచుకున్న చోటే కాల్చడాన్ని నేను సమర్థించలేను. అడవిలో కాల్చకపోతే ప్రమాదం పేరుకుపోతుంది. చేలో పేరుకుపోయేది ఏమీ లేదు, ఒక వాన పడితే చొప్ప మెత్తబడుతుంది, రెండు దుక్కులకి మట్టిలో కలుస్తుంది. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని ఉంటుంది, కాలిస్తే అది దాదాపు అంతా గాలిలో పోతుంది. పొటాష్ బూడిదలో మిగులుతుంది, మా పడమటి గాలికి ఆ బూడిద ఎన్నాళ్లు చేలో నిలుస్తుందో మీకే తెలుసు. లాభం అంతా ఒకరిది, అది కూడా నాలుగు రోజుల వెసులుబాటు. నష్టం వస్తే ఇంకొకరిది. న్యూ మెక్సికోలో ప్రభుత్వమే నిప్పు పెట్టింది కాబట్టి పరిహారానికి ప్రత్యేక చట్టం చేసి మొదట 250 కోట్ల డాలర్లు ఇచ్చారు, తర్వాత ఇంకా పెంచారు. మన కళ్లంలో కాయ పోతే? ఫసల్ బీమాలో కోత తర్వాత రక్షణ, కోసి చేలో ఆరబెట్టిన పంటకి 14 రోజుల వరకే, అదీ తుపాను, అకాల వర్షం, వడగళ్ల లాంటి వాటికి. నివారించగలిగిన ప్రమాదాలు అందులోకి రావు. పక్కవాడు పెట్టిన నిప్పు నివారించగలిగినదే కదా. పెదనాన్న సగం డబ్బు ఇచ్చాడు, మిగతా సగం కళ్లం అతను భరించాడు. రెండిళ్ల మధ్య పిలుపులు ఆగిపోయాయి.

పత్తి కట్టె సంగతి వేరు. గులాబీ రంగు పురుగు కట్టెల్లో, పగలని కాయల్లో దాక్కుని తర్వాతి పంటకి వస్తుంది, కాబట్టి కట్టె పీకి నాశనం చేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలే చెబుతారు. శ్రెడ్డర్ దొరికితే ముక్కలు చేసి కలియదున్నడం అన్నిటికంటే మంచిది. దొరకని చోట కుప్ప వేసి కాల్చడానికి నేను ఒప్పుకుంటాను. కానీ కుప్ప చేను నడిమధ్యలో ఉండాలి, చుట్టూ రెండు సాళ్లు దున్ని ఉండాలి, పైన కరెంటు తీగలు ఉండకూడదు, కళ్లాలు ఎత్తేసి ఉండాలి, పక్క చేలవాళ్లకి ముందురోజే చెప్పి ఉండాలి. చెబితే వద్దంటారేమో అని చెప్పకుండా అంటించేవాళ్లని చూశాను. వద్దనే హక్కు వాళ్లకు ఉంది.

వేళ విషయం మాత్రం చెప్పినంత సులువు కాదు. మంట అదుపులో ఉండాలంటే తెల్లవారుజాము మంచిది, గాలి ఉండదు, తేమ ఉంటుంది. కానీ డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పొగ పైకి లేవదు, మంచుతో కలిసి నేలబారున పాకుతుంది. హైవే పక్కన చేలు ఉంటే ఆ పొగలోకి లారీ వచ్చేది ఎనభై కిలోమీటర్ల వేగంతో. ఊళ్లో ఆయాసం ఉన్న ముసలివాళ్లు, పసిపిల్లలు పీల్చేదీ అదే. మంటకి భద్రమైన వేళ పొగకి చెడ్డ వేళ. మంచు విడిచాక, గాలి ముదరకముందు, ఒక నిలకడైన చిన్న గాలిలో, పొద్దున తొమ్మిదికీ పదకొండుకీ మధ్య దొరికే సందు ఒక్కటే రెండింటికీ పనికొస్తుంది. శీతాకాలం పోయేటప్పుడు అలాంటి పూటలు దొరుకుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మా వైపు పొద్దున పదింటికే పడమటి గాలి లేస్తుంది, సాయంత్రం సముద్రపు గాలి తిప్పుతుంది, మధ్యలో నమ్మదగిన గంట లేదు. అందుకే ఆ రెండు నెలలూ మా చేలల్లో కుప్ప కూడా కాల్చకూడదని నా గట్టి అభిప్రాయం.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. గాలి కాలుష్యం మీద 1981 చట్టంలో తగలబెట్టడాన్ని నిషేధించే అధికారం రాష్ట్రాలకు ఉంది, ఢిల్లీ చుట్టుపక్కల 2024 నవంబరు నుంచి ఐదెకరాలు దాటిన రైతుకి 30,000 రూపాయల దాకా జరిమానా వేస్తున్నారు. జరిమానా భయానికి రాత్రిపూట, ఎవరికీ చెప్పకుండా అంటించడం మొదలైతే అది పగటి నిప్పు కంటే ఘోరం. నాకు కావాల్సింది చిన్నది. మన ఊళ్లలో రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి, వాతావరణ శాఖ గాలి వేగం, దిశ, తేమ ఫోన్‌లోకే ఇస్తోంది. కట్టె కాల్చాలనుకున్న రైతు అక్కడ ముందురోజు పేరు రాయించాలి, మర్నాడు పొద్దున గాలి చూసి "ఇవాళ వద్దు" అని చెప్పే మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషికి ఆ చేలో దుక్కి తొందర ఉండకూడదు. ఆగినందుకు రైతు నష్టపోకుండా శ్రెడ్డరో, రోటావేటరో వరస ప్రకారం అక్కడి నుంచే కిరాయికి అందాలి. కాల్చిన తర్వాత మూడు రోజులు మొదళ్లు, గట్లు తడిమి చూసి సంతకం పెట్టేదాకా ఆ పేరు కొట్టేయకూడదు. వీటిలో చివరిదానికి ఖర్చే లేదు, అయినా ఎవరూ చేయనిది అదే.

తాడిచెట్టు చావలేదు. ఒక పక్క బోదె బొగ్గులా ఉంది, మొవ్వు మాత్రం తర్వాతి ఏడు మళ్లీ లేచింది. కింద మట్టలు ఏటా సంక్రాంతి వెళ్లాక కొట్టిస్తున్నాం. పెదనాన్న ఈసారి చొప్ప కాల్చలేదు. రోటావేటర్ రెండు సాళ్లు తిప్పించాడు. మోళ్లు ఇంకా కాళ్లకి గుచ్చుకుంటున్నాయని, డబ్బు దండగని, ఇదంతా నా మాట విన్నందుకేనని మొన్న ఫోన్‌లో విసుక్కున్నాడు. విసుక్కోనీ. కళ్లం అతను వాళ్ల అమ్మాయి పెళ్లికి శుభలేఖ పంపాడని కూడా ఆ ఫోన్‌లోనే చెప్పాడు, వెళ్లాలా వద్దా అని అడిగాడు. వెళదాం పెదనాన్నా, నేనూ వస్తాను అన్నాను.